గాలిలో నిలబెట్టిన ఫోన్

మొన్న మెట్రోలో ఒక యువకుడు పక్కన కూర్చున్న స్నేహితురాలికి గారడీ చేసి చూపించాడు. ఫోన్ తెర మీద ఒక నాణెం బొమ్మ ఉంది. ఫోన్‌ను అటూ ఇటూ వంచితే బొమ్మ జారుతూ అంచుదాకా వచ్చింది. అంచు దగ్గర మాయమై, అసలు నాణెం అతని అరచేతిలో పడింది. ఆ అమ్మాయి "హే, ఇంకోసారి" అంది. అతను ఇంకోసారి చేశాడు. అదే పొరపాటు. రెండోసారి ఆ అమ్మాయి తెరను చూడలేదు, అతని ఎడమచేతిని చూసింది. "ఓ, అక్కడ పెట్టుకున్నావా" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు నాకు ఫోన్లతో గారడీ చేసే ఆవిడ గుర్తుకొచ్చింది.

ఆవిడైతే ముందు ఆ ఫోన్‌ను రెండు చేతులా అందుకునేది. పక్కింటివాళ్ళు పసిబిడ్డను చేతికిస్తే ఎలా తీసుకుంటామో అలాగ. తర్వాత పైటచెంగుతో తెర తుడిచేది. వెనక్కి తిప్పి చూసేది. ఈలోపల ఫోన్ ఇచ్చిన మనిషి కొంచెం ఇబ్బందిగా నవ్వేవాడు, తన ఇంటి తలుపు ఎవరో తీసి చూస్తున్నట్టు. ఫోన్‌ను బట్టి మనిషిని అంచనా కట్టడం ఆవిడకు సరదా.

"ఏమ్మా, ఇన్ని పగుళ్ళుండాయే. ఇంట్లో ఎవురి మీద కోపమొస్తే దీన్ని ఇసిరికొడతావు?"

"చార్జింగ్ అడుగంటినాది కదప్పా. కొనఊపిరితో ఉండేదాన్ని తెచ్చి నా చేతిలో పెడితివి. రేపు పోతే నా మీదికొస్తాది."

అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. ఆ నవ్వులోనే పని సగం అయిపోయేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సొంత ఫోన్‌తో ఎన్నడూ గారడీ చేసేది కాదు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పింది. "నా ఫోన్‌తో చేస్తే అది ఫోన్ చేసిన గారడీ అన్నా. నీ ఫోన్‌తో చేస్తేనే అది నేను చేసింది."

ఇంకో అలవాటు. మామూలుగా ఇంద్రజాలికులు వీడియో తీయొద్దంటారు. ఆవిడ తీయమనేది. తీయకపోతే బతిమాలేది. "తీయండప్పా, బాగా తీయండి. ఆ లైటు కూడా వేసుకోండి. ఇంటికి పోయి ఆరామ్‌గా చూడండి." ఈ మాట వెనక ఒక కథ ఉంది. అది తెలిసినవాళ్ళం కొద్దిమందిమి.

ఆవిడ ఆనేకల్‌లో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది. చేసుకున్నది ఇంద్రజాలికుణ్ణి. బెంగళూరు చుట్టూ జాతరల్లోనూ, బళ్ళ వార్షికోత్సవాల్లోనూ, ఆ తర్వాత కంపెనీల వేడుకల్లోనూ ఆయన ఆట ఆడేవాడు. చివరి అంశం ఎప్పుడూ ఒకటే. ఆవిడ బల్ల మీద పడుకుంటుంది. ఆయన చేతులు ఆడిస్తాడు. బల్ల తీసేస్తారు. ఆవిడ గాలిలో ఉంటుంది. ఆయన ఒక పెద్ద రింగు తీసుకుని ఆవిడ తల వైపు నుంచి కాళ్ళ దాకా తిప్పుతాడు, ఏ ఆధారమూ లేదని చూపించడానికి. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి జుట్టు నెరిసేదాకా ఆవిడ చేసిన ఉద్యోగం అది.

"ఏం పని చేసేవాళ్ళమ్మా మీరు?" అని ఎవరైనా అడిగితే, "పండుకునేదాన్నప్పా" అనేది.

ఆ పడుకోవడం తేలికైన పని కాదు. కళ్ళు మూసుకోవాలి. ఊపిరి పైకి తెలియకూడదు. దొడ్డబళ్ళాపురం జాతరలో ఒకసారి ఆవిడ ముక్కు మీద ఈగ వాలిందట. ఆయన రింగు తిప్పుతూ తిప్పుతూ ఈగను చూశాడు. తోలితే ఆట పోతుంది. తోలకపోతే భార్య తుమ్ముతుంది. మంత్రం చదువుతున్నట్టు పెదవులు కదుపుతూ ముక్కు మీద ఊదాడట. జనం అది కూడా మంత్రమే అనుకుని దండం పెట్టుకున్నారు. ఈ సంగతి ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే చెప్పేది. చెప్పిన ప్రతిసారీ చివర ఒక మాట చేర్చేది. "ఆ ఆట అందురూ చూసినారన్నా, నేను తప్ప."

నేను ఆ దంపతులను మొదట చూసింది ఎలక్ట్రానిక్ సిటీలో. అప్పటికే పత్రికలో వార్తలు రాసి, దిద్దే పని మానుకున్నాను. మా అమ్మాయి పనిచేసే కంపెనీలో కుటుంబాలను పిలిచి ఏటా వేడుక చేస్తారు. నన్నూ తీసుకెళ్ళింది. ఆరుబయట వేదిక, వెనక గోడంత ఎల్‌ఈడీ తెర. మధ్యాహ్నం నుంచి పాటలు, ఆటలు. సాయంత్రం ఈయన వచ్చాడు. నల్ల కోటు, మెడలో ఎర్ర రుమాలు, గొంతు మాత్రం మైకు అక్కరలేనిది. చేతిలోంచి పావురాలు తీయడం పాతదే అయినా పిల్లలు కేకలు పెట్టారు. ఆఖరున ఆవిడ వచ్చి బల్ల మీద పడుకుంది.

వేడుక ఏర్పాట్లు చూసే ఈవెంట్ మేనేజరు మంచివాడే, ఉత్సాహవంతుడు. అందరికీ బాగా కనబడాలని వేదికకు పక్కగా ఒక కెమెరా అదనంగా పెట్టించాడు. పాటలప్పుడు అది బాగా పనికొచ్చింది. గారడీకి మాత్రం దాన్ని ఆపాలని అతనికి తట్టలేదు. కెమెరా ఉందని ఇంద్రజాలికుడికి ఎవరూ చెప్పలేదు. ఆయన జనం వైపు తిరిగి రింగు తిప్పుతున్నాడు. ఆయన వీపు వెనక, గోడంత తెర మీద, పక్క నుంచి కనబడకూడనిదంతా కనబడుతోంది. ఏం కనబడిందో రాయను. ఆ విద్య మీద బతికేవాళ్ళు ఇంకా ఉన్నారు.

నవ్వు వెనక వరుసల్లో మొదలై ముందుకొచ్చింది. ఆయన అది మెచ్చుకోలు అనుకున్నాడు. తానూ నవ్వి, తల వంచి, రింగును ఇంకోసారి తిప్పాడు. జనం ఫోన్లు పైకెత్తారు, వేదిక వైపు కాదు, తెర వైపు. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

ఆ క్షణంలో నేను ఆవిడను చూస్తున్నాను. కళ్ళు తెరవలేదు. వేలు కూడా కదల్లేదు. ఆయన వచ్చి చెవి దగ్గర ఏదో అన్నాకే కళ్ళు తెరిచింది. తర్వాత నాకు చెప్పింది. "నవ్వులో తేడా ఉండాదన్నా. సంతోషంగా నవ్వితే ఆ నవ్వు నా మీదికొస్తాది. ఆ పొద్దు నా పైనుంచి పోతా ఉన్నింది. తెర ఉండేది అక్కడే కదా. కండ్లు మూసుకోనే నాకు తెలిసిపోయినాది."

ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఆనేకల్‌లో వాళ్ళ వీధిలోనే ఒకాయన దాన్ని తెచ్చి ఇంద్రజాలికుడికి చూపించి, "ఇది మీరే కదా స్వామీ" అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన ఆట మానేశాడు. ఆట సామాను పెట్టెలన్నీ పెరటి రేకుల కింద చేర్చి పైన టార్పాలిన్ కప్పాడు.

నేను వాళ్ళింటికి వెళ్ళింది ఆ తర్వాత. వార్త కోసం కాదు, వార్తలు రాసే రోజులు పోయాయి. ఆవిడ కదలకుండా పడుకున్న తీరు నన్ను వదల్లేదు, అంతే. వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో, వీధి వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. నమస్కారానికి తల ఊపాడు. మళ్ళీ వీధి వైపు తిరిగాడు.

"ఆయప్ప మాట్లాడడన్నా. నాతోనే లెక్కగా మాట్లాడతాడు" అంది ఆవిడ. కాఫీ ఇచ్చి, గడపలో కూర్చుని, చేతిలో ఉన్న ఫోన్ చూపించింది. "దీంట్లోనే పోయినాది మా ఇంటాయన పరువు. దీంట్లోనే ఎత్తుకొస్తా."

నాకు అర్థం కాలేదు.

"చూస్తా ఉండు" అంది.

బస్టాండు దగ్గర ఒక మొబైల్ రిపేరు అంగడి ఉంది. ఆవిడ రోజూ పొద్దుటి పని అయ్యాక అక్కడికి వెళ్ళి స్టూలు మీద కూర్చునేది. అంగడివాడు తీసి పారేసిన చచ్చిన ఫోన్లను సంచిలో ఇంటికి తెచ్చుకునేది. ఫోన్లలో గారడీలు చేసే యాప్‌లు ఉన్నాయని తెలుసుకుని ముందు అవి నేర్చుకుంది. నలుగురి చేత నాలుగు అంకెలు ఒకరి ఫోన్ క్యాలిక్యులేటర్‌లో కొట్టిస్తే, మొత్తం సరిగ్గా ఆ రోజు తేదీ, ఆ నిమిషం టైము అయ్యేది. మనసులో ఒక పేకముక్క తలచుకోమని, ఎవరి ఫోన్‌లోనో పాత పెళ్ళిఫోటోల మధ్య ఆ ముక్క ఫోటో చూపించేది. కూర్చున్నవాళ్ళ ఒళ్ళోనే, ఒక చేయి దూరంలోనే జరిగేవి ఇవన్నీ. అంగడికి వచ్చేవాళ్ళే ఆవిడకు మొదటి ప్రేక్షకులు. కొన్నాళ్ళకు పుట్టినరోజుల పిలుపులు కూడా రాసాగాయి.

కానీ ఆవిడకు కావలసింది అది కాదు. గాలిలో తేలే ఆట, కెమెరాల ముందు, పక్క నుంచి తీసే కెమెరా ముందు కూడా. మనిషి తేలాలంటే ఆ పెట్టెలు కావాలి. పెట్టెలు తీస్తే ఆయన లేచి అవతలికి పోతాడు. అందుకని ఫోన్‌నే గాలిలో నిలబెట్టాలని పట్టుబట్టింది.

అక్కడి నుంచి నాకూ ఒక పని దొరికింది. ఏర్పాటు చేసుకునేటప్పుడు నన్ను బయట అరుగు మీదికి పంపేది. ఆ విషయంలో మొహమాటం లేదు, నేనూ తొంగి చూడలేదు. తర్వాత లోపలికి పిలిచి, ఒక మూల నిలబెట్టి, నా ఫోన్ లైటు వేసి వీడియో తీయమనేది. ఆ వీడియోను నెమ్మదిగా తిప్పించి, దగ్గరకు లాగించి చూసేది.

"పేపర్లో తప్పులు దిద్దేవాడివి కదన్నా. చెప్పు, యాడ కనబడతా ఉండాది?"

"ఇక్కడ ఏదో మెరిసింది."

"ఊఁ" అనేది. బాధపడేది కాదు. మళ్ళీ అరుగు మీదికి పంపేది.

కింద పాత బొంత పరిచి ఉండేది. చచ్చిన ఫోన్లు దాని మీద ధబ్‌ ధబ్‌మని పడేవి. ఆయన కిటికీ దగ్గర వెనక్కి తిరగకుండా ఆ చప్పుళ్ళు వింటూ ఉండేవాడు. నేను చూస్తుండగానే వేసవి పోయి వానలొచ్చాయి. ఒక మధ్యాహ్నం ఫోన్ లేచి, ఒక్క క్షణం నిలబడి, పక్కకు ఒరిగి పడింది. కిటికీ వైపు నుంచి మాట వచ్చింది.

"బరువు ఎడమకు పోతా ఉండాది."

తల మాత్రం తిప్పలేదు. ఆవిడ నన్ను చూసి, పైకప్పును చూసి, "ఇంట్లో ఎవురో మాట్లాడినట్టుండాదే అన్నా" అంది.

"నీకే చెప్పేది. కెమెరా ఉండే పక్కన బరువెక్కువ. సుమ్నే, ఊరికే అట్ల ఎత్తితే యాడ నిలుస్తాది?"

"అయితే వచ్చి చూపీ."

"నేను రాను" అన్నాడాయన. కానీ కుర్చీని కొంచెం లోపలి వైపుకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ పడినప్పుడల్లా కుర్చీలోంచి ఏదో ఒకటి వినబడేది. ఎక్కువ, తక్కువ, తొందర, నిదానం. భార్య ఒక్కదానికీ జవాబు చెప్పేది కాదు. చెప్పినట్టు మాత్రం చేసేది.

కొన్నాళ్ళకు ఒకసారి ఆవిడ నన్ను గదిలో నాలుగు మూలలా తిప్పి వీడియోలు తీయించింది. అన్నీ తిప్పి చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎక్కడా ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఆ తర్వాత ఆవిడ చేసిన పని ఇంకెవరూ చేయరనుకుంటాను. ఆ రోజు పక్క కెమెరా పెట్టించిన ఈవెంట్ మేనేజరును వెతుక్కుంటూ వెళ్ళింది. అతను లేచి నిలబడి, "మేడమ్, ఆ రోజు నిజంగా నా మిస్టేక్, నేను సారీ చెప్పాలని ఎన్నిసార్లు..." అన్నాడు.

"అది వదిలెయ్యప్పా. నువ్వు మళ్ళా యాడ తెర కడతావో అది చెప్పు. నేనొస్తా."

దేవనహళ్ళి దగ్గర ఒక పెళ్ళి రిసెప్షన్ ఉందని చెప్పాడతను. బల్లల దగ్గర తిరుగుతూ చిన్న చిన్న గారడీలు చేస్తే బాగుంటుందన్నాడు.

"చేస్తా. ఆఖర్లో స్టేజీ మీద ఒకటి చేస్తా. దానికి మాత్రం ముందర ఒక కెమెరా, పక్కన ఒకటి, పైన తిరిగేది ఉండాదే, అదొకటి. మూడూ పెద్ద తెర మీదికి రావల్ల."

"మేడమ్, పక్కది వద్దు. రిస్క్ ఎందుకు?"

"పక్కది లేకుంటే నేను రాను."

వెళ్ళే రోజు భర్తను పిలిచింది. నేను కారు తీసుకెళ్ళాను కాబట్టి అక్కడే ఉన్నాను.

"నేను రానే. ఆ తెర కింద నేను నిలబడలేను" అన్నాడాయన.

"నిన్ను నిలబడమన్నదెవురు? కూర్చోనే ఉండు." ఆయన ఫోన్‌కు పూర్తిగా చార్జింగ్ పెట్టి, స్టూలు మీద చెంబుకు ఆనించి నిలబెట్టింది. "ఫోన్ చేస్తా. ఎత్తు. అంతే."

రిసెప్షన్ హాలు విమానాలు దిగే దారి కింద ఉంది. మాట మధ్యలో ఆగి, విమానం పోయాక మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చేది. ఆవిడ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. బల్లల మధ్య తిరుగుతూ, ఫోన్లు అందుకుంటూ, తుడుస్తూ, నలుగురి మీదా ఛలోక్తులు విసురుతూ హాలంతా తన వైపుకు తిప్పుకుంది. ఎవరో పెద్దమనిషి ఫోన్‌లో పేకముక్క కనబడ్డప్పుడు ఆయన భార్య, "ఈ ఫోన్‌లో ఇంకా ఏమేముండాయో తీయమ్మా" అంది. ఆ నవ్వు ఆగకముందే ఆవిడ వేదిక ఎక్కింది.

పెళ్ళికొడుకు చెల్లెలిని ఫోన్ అడిగింది. ఆ అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అంత తేలిగ్గా నమ్మే రకం కాదు.

"ఆంటీ, సీరియస్‌గా అడుగుతున్నా. థ్రెడ్ ఉంటుంది కదా? నేను చాలా వీడియోస్ చూశాను."

"ఉంటే తెంపమ్మా. పక్కనే నిలబడు. చెయ్యి యాడ పెట్టాలనిపిస్తే ఆడ పెట్టు."

ఆ అమ్మాయి చేతే తన భర్త నంబరుకు వీడియో కాల్ చేయించింది. ఆయన ఎత్తాడు. బనీను మీద ఉన్నాడు. ఫోన్‌ను రెండు అరచేతుల్లో పెట్టుకుని ఆవిడ కాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత చేతులు నెమ్మదిగా కిందికి దించింది. ఫోన్ దిగలేదు. అక్కడే ఉండిపోయింది. ఆవిడ చేతులు ఇంకా దించి, రెండడుగులు వెనక్కి వేసింది. ఫోన్ ఆవిడ తల ఎత్తుకు లేచి, తెర జనం వైపు పెట్టి నిలబడింది. తెరలో ఆయన మొహం.

వెనక పెద్ద తెర మీద అదే దృశ్యం మూడు ముక్కలుగా, ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి. పెళ్ళికొడుకు చెల్లెలు ఫోన్ పైన చేయి ఆడించింది, కింద ఆడించింది, వెనక ఆడించింది. ఏ దారమూ తగల్లేదు. ఒక్కొక్కరూ లేచి ఫోన్లు పైకెత్తారు. లైట్లు వెలిగాయి. అందరి చూపూ ఆ చిన్న ఫోన్ మీదే ఉంది.

ఇంట్లో కూర్చున్న ఆయనకు ఇవన్నీ ఆ ఫోన్‌లోంచి కనబడుతున్నాయి. జనం, లైట్లు, దూరంగా తలుపు దగ్గర వంటవాళ్ళు కూడా. ముందు కండువా కోసం తడుముకుని భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత ఒక్కసారిగా హాలంతా వినబడింది, మైకు అక్కరలేని ఆ గొంతు.

"ఏమ్మే, రింగు ఏదే? రింగు తిప్పకుంటే ఎవురు నమ్ముతారు?"

ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుంది. "రింగు నీ పెట్టెలోనే ఉండాది. తెచ్చి ఇస్తివా నువ్వు?"

హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వు ఎటు పోతున్నదో ఆవిడకు తెలిసే ఉంటుంది. ఈవెంట్ మేనేజరు పరుగెత్తుకెళ్ళి వేదిక అలంకరణలోంచి గుండ్రటి పూల చట్రం ఒకటి ఊడబెరికి తెచ్చి ఇచ్చాడు. బంతిపూలు రాలుతుండగా ఆవిడ దాన్ని ఫోన్ ఈ చివర నుంచి ఆ చివరకు దాటించింది. ఫోన్ కదల్లేదు.

"అట్ల కాదు" అన్నాడు గాలిలోంచి ఆయన. "ఇంకో తూరి. ఆ పక్కనుండే కెమెరాకు కనబడల్ల. ఆ కెమెరా ఆయప్పా, బాగా దగ్గరికి తీసుకో."

పక్క కెమెరా మనిషి నేను ఉన్న వైపే ఉన్నాడు. దగ్గరికి తీసుకున్నాడు. గోడంత తెర మీద ఫోన్, దాని చుట్టూ తిరుగుతున్న పూలు, ఆ రెండింటి మధ్య ఖాళీ. ఇంకేమీ లేదు. ఎంత దగ్గరకు లాగినా ఏమీ లేదు. నేను బతుకంతా తప్పులు వెతికినవాణ్ణి. అక్కడ దొరకలేదు.

చప్పట్లు మొదలయ్యాయి. వంటవాళ్ళు గరిటెలతో గిన్నెలు వాయించారు. పైన విమానం పోతే అది కూడా వినబడలేదు. ఆవిడ చేతులు చాచింది. ఫోన్ దిగి ఆవిడ అరచేతుల్లో కూర్చుంది. దాన్ని పెళ్ళికొడుకు చెల్లెలికి అందించింది. ఆ అమ్మాయి అలవాటుగా కాల్ ఆపడానికి వేలు పెట్టబోయింది.

"ఉండమ్మా" అన్నాడు తెరలోంచి ఆయన. "కట్ చేయొద్దు. చప్పట్లు ఇంకా అయిపోలే."